బొబ్బిలి చూసొచ్చిన రాత్రి మా అమ్మాయి అడిగిన ప్రశ్న

ఎడిటర్ గారికి నమస్కారం,

రెండు వారాల కింద మీ ఆదివారం పేజీలో ఒకాయన ఉత్తరం రాశారు, సెలవులొస్తే చిన్నపిల్లల్ని బీచ్‌కో పార్కుకో తీసుకెళ్లక ఈ కోటలూ యుద్ధాలు జరిగిన చోట్లూ తిప్పడమేంటి, ఆ నరుకుడు కథలన్నీ వాళ్ల బుర్రలోకి ఎక్కించి ఏం సాధిద్దామని అని. అది చదివి మా ఆయన నా వైపు చూసి ఒకటే నవ్వు, ఎందుకంటే సంక్రాంతి సెలవుల్లో మేము చేసొచ్చింది సరిగ్గా ఆ పనే. బీచ్ అంటారా, వైజాగ్ వాళ్లం, అది మాకు రోజూ ఉన్నదే. ఆ పెద్దాయన రాసిందాంట్లో సగం నిజం ఉందని ఒప్పుకుంటాను, మా అమ్మాయి ఒక రాత్రంతా సరిగ్గా నిద్రపోలేదు కాబట్టి. మిగతా సగం మాత్రం ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి, కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

మాకు ఇద్దరు, అమ్మాయికి తొమ్మిదేళ్లు, పిల్లాడికి ఆరు. మా అత్తగారిది విజయనగరం, పండక్కి ఎలాగూ అక్కడికే వెళ్తాం కాబట్టి ఈసారి దార్లో పద్మనాభం చూసుకుని, మర్నాడు బొబ్బిలి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేద్దాం అని ప్లాన్. కార్లో నలుగురం, డిక్కీలో పులిహోర డబ్బా, చాప, వాటర్ క్యాన్. అత్తగారు అప్పటికే విజయనగరంలో ఉన్నారు, ఈ కథలో ఆవిడ తర్వాత వస్తారు, గట్టిగానే వస్తారు.

పద్మనాభం అంటే మా వైపు అందరికీ కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడే, వెయ్యికి పైగా మెట్లు. మావాడు లెక్కపెడతానని మొదలెట్టి రెండొందల ఎంతకో తప్పిపోయి మళ్లీ కిందకెళ్లి ఒకటి నుంచి ఎక్కుతానని పేచీ. ఆ కొండ కిందే 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడన్న సంగతి మాత్రం గుడికొచ్చినవాళ్లలో ఎంతమందికి గుర్తుంటుందో. నాక్కూడా పెళ్లయ్యాకే తెలిసింది లెండి, ఇందులో గొప్పేం లేదు. కంపెనీకి పేష్కష్, అంటే ఏటా కట్టాల్సిన కప్పం, బాకీ పడ్డాడని సంస్థానం లాగేసుకుని, నెలకి 1,200 రూపాయలు ఇస్తాం మచిలీపట్నం పోయి కూర్చో అన్నారట. ఆయన పోలేదు, తనవాళ్లతో కలిసి వచ్చి పద్మనాభం దగ్గర మకాం పెట్టాడు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యంతో వచ్చిపడ్డాడు, ముప్పావుగంటలో అంతా అయిపోయింది, రాజూ పోయాడు, ఆయన్ని నమ్ముకుని వెంటొచ్చిన పెద్దలూ ఎక్కువమంది అక్కడే పోయారు.

ముప్పావుగంట అనగానే మా అమ్మాయి "అంటే మా స్కూల్లో ఒక పీరియడ్" అంది. అని ఊరుకుందా, వాచీ చూసుకుంది, మేము చాప పరుచుకుని పులిహోర తిని చేతులు కడుక్కునేసరికి "అమ్మా, యుద్ధం అయిపోయింది" అంది. నేనైతే అలా ఎప్పుడూ ఆలోచించలేదు. 45 నిమిషాలు అని పుస్తకంలో చదివి పేజీ తిప్పేసిన దాన్నే.

ఇక్కడే ఒక గోల కూడా చెప్పేస్తాను. ఈ టూర్లో ఒక చోట, ఏ చోటో చెప్పను, ఊరివాళ్లు నొచ్చుకుంటారు, గేటుకి తాళం, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు, చుట్టూ ముళ్లకంపలు, బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయి "వీర" అన్న ఒక్క ముక్కే మిగిలింది. మావాడు కొత్తగా చదవడం నేర్చుకున్నాడు కదా, "వీ...ర" అని కూడబలుక్కుని "వీర ఏంటమ్మా" అని అడిగాడు. ఏం చెప్పాలి. ఈలోగా వాడికి బాత్రూం అర్జెంటు. ఆరేళ్ల మగపిల్లాడు కాబట్టి ఏదో చెట్టు చాటున కానిచ్చాం, ఆడపిల్లని ఎక్కడికి తీసుకెళ్లను? పక్కనే ఉన్న ఇంటి ముసలావిడ పిలిచి "ఏటమ్మా, ఎండలో పిల్లల్ని తిప్పీస్తన్నారు, లోనికి రండి" అని వాళ్లింట్లోకి తీసుకెళ్లి, మజ్జిగ కూడా ఇచ్చింది. ఆవిడకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ చరిత్ర చూడ్డానికి వచ్చినవాళ్లు ఎవరింట్లో బాత్రూం ఉందో వెతుక్కోవాలా అండీ?

మర్నాడు బొబ్బిలి. విజయనగరం నుంచి 50 పైచిలుకు కిలోమీటర్లు. దారంతా పిల్లలకి కథ చెప్పుకుంటూ వెళ్లాం. బొబ్బిలి అంటే బెబ్బులి, పెద్దపులి పేరు మీద వచ్చిందంటారు అని చెప్పేసరికి మావాడు అద్దంలోంచి పులి కోసం వెతకడం మొదలెట్టాడు. అసలు గొడవ ఎందుకొచ్చింది అని పెద్దది అడిగింది. బొబ్బిలికీ విజయనగరానికీ ఎప్పట్నుంచో పడేది కాదు, అందులో కాలవ నీళ్ల తగాదాలు కూడా ఉండేవి, మీ నీళ్లు మేం మళ్లించుకున్నాం మా నీళ్లు మీరు మళ్లించుకున్నారు అని. ఇది మాత్రం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకుండానే పిల్లలకి ఎక్కేసింది, మా అపార్ట్‌మెంట్‌లో ఎండాకాలం ట్యాంకర్ వచ్చినప్పుడు మూడో అంతస్తు ఆంటీకీ వాచ్‌మ్యాన్‌కీ జరిగే యుద్ధాలు వాళ్లు కళ్లారా చూసినవే. కాకపోతే ఇక్కడ మధ్యలో ఫ్రెంచి బుస్సీ దొర ఫిరంగులతో సహా దిగాడు. విజయనగరం పెద విజయరామరాజు ఆయన్ని తన వైపు తిప్పుకున్నాడు, 1757 జనవరి 24న ఇద్దరూ కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు.

ఊళ్లోకి వెళ్లగానే మావాడి మొదటి ప్రశ్న "కోట ఏది?". వాడి బుర్రలో గోల్కొండ ఉంది, పోయినేడాది చూశాడు, చప్పట్లు కొడితే పైదాకా వినిపించడం గట్రా. అది మట్టికోట నాన్నా, ఫిరంగులకి పడిపోయింది అంటే మొహం ఇంత చేసుకున్నాడు. నిజం చెప్పాలంటే యుద్ధభూమి చూడ్డంలో పెద్ద చిక్కే ఇది, అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు. పొలం పొలంలాగే ఉంటుంది, ఊరు ఊర్లాగే ఉంటుంది. స్తూపం చూశాం, బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడి విగ్రహం చూశాం, మావాడు దాని ముందు నిలబడి కత్తి పట్టుకున్నట్టు ఫోటో దిగాడు, ఐదు నిమిషాల్లో ఇద్దరికీ బోరు కొట్టేసింది. పెద్దవాళ్లకైతే తెలిసిన కథ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, పిల్లలకి ఎవరో ఒకళ్లు "ఫిరంగులు అటు పక్క పెట్టారు, గోడ ఇక్కడ కూలింది, రాజు ఇక్కడ పడిపోయాడు" అని వేలు పెట్టి చూపించాలి, లేదంటే అది ఒక రాయి అంతే.

చూపించడానికి ఒకాయన దొరికాడు, అక్కడే వచ్చిన ఇబ్బంది. మేము పిల్లలతో తికమకపడుతుంటే మంచి మనసుతోనే వచ్చి కథ ఎత్తుకున్నాడు, బుర్రకథ బాణీలో అద్భుతంగా చెప్తున్నాడు, బొబ్బిలి రాజు రంగారావు, రాణి మల్లమ్మదేవి, పాపారాయుడు రాజాంలో ఉండిపోవడం, కబురు అందేసరికి ఆలస్యమైపోవడం. పిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు. ఇంతలో కోట పడిపోతుందని తెలిశాక లోపల ఆడవాళ్లనీ పిల్లల్నీ శత్రువుల చేతికి చిక్కకుండా సొంతవాళ్లే ఎలా చంపేశారో మొదలెట్టాడు, చేత్తో చూపిస్తూ, కత్తి ఎక్కడ దిగిందో, ఎవరు ఎలా అరిచారో, అన్నీ. నేను ఆయనకి కళ్లతో సైగ చేస్తూనే ఉన్నా, ఆయన ఊపులో ఉన్నాడు. ఆపమని గట్టిగా చెప్పాల్సింది, పెద్దమనిషి నొచ్చుకుంటాడేమో అని మొహమాటపడ్డాను. అది నా తప్పే.

తర్వాత గొల్లపల్లి వెళ్లి వీణలు చేసేచోట గంట కూర్చున్నాం. బొబ్బిలి వెళ్లేవాళ్లు ఇది మాత్రం మానకండి. పనస దుంగని తొలిచి వీణ తీస్తున్నారు, కుండ, దండి అన్నీ ఒకే చెక్కలోంచి. అదంతా పసుప్పచ్చటి పొట్టు, పచ్చి పనస చెక్క వాసన. ఒకాయన వీణ చివరుండే యాళి, అదే సింహంలాంటి బొమ్మ, మొహానికి కళ్లు చెక్కుతున్నాడు, చిన్న ఉలి, సుత్తితో టక్ టక్ మని, మావాడు ఆయన మోకాలికి ఆనుకుని కదలకుండా చూశాడు, వాడు అలా పావుగంట కదలకుండా ఉండడం నేను పుట్టాక చూళ్లేదు. వస్తూ వస్తూ గుప్పెడు పొట్టు జేబులో వేసుకున్నాడు, ఇప్పటికీ వాడి పెన్సిల్ బాక్సులో ఉంది.

ఇక ఆ రాత్రి. విజయనగరం తిరిగొచ్చి భోజనాలప్పుడు పిల్లలిద్దరూ పాపారాయుడు పాపారాయుడు అని ఒకటే గోల. పాపారాయుడు మూడు రోజుల తర్వాత రాత్రిపూట శత్రువుల డేరాలోకి దూరి పెద విజయరామరాజుని పొడిచి చంపేశాడు కదా, మావాడు గరిటె పట్టుకుని దాన్ని యాక్షన్ చేసి చూపిస్తున్నాడు. మా అత్తగారు పెరుగన్నం కలుపుతూ కలుపుతూ ఆపేశారు. "నిద్దరోతున్న మనిషిని పొడిచీసినోడు హీరో ఏటిరా?" అన్నారు. మావాడు గరిటె దించేశాడు. ఆవిడది విజయనగరం, ఆవిడకి ఆ చచ్చిపోయిన రాజు ఎవరో కాదు, పైడితల్లమ్మకి అన్న. ఆ అన్న యుద్ధానికి బయల్దేరుతుంటే చెల్లెలు వద్దందని, అన్న చనిపోయాడని తెలిసి ప్రాణం వదిలేసిందని, తర్వాత పెదచెరువులో అమ్మవారి విగ్రహమై దొరికిందని ఈ ఊళ్లో చెప్పుకుంటారు. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను తిరిగేది ఆ తల్లికే. పిల్లలు మా భుజాల మీద కూర్చుని ఆ మాను చూసినవాళ్లే, అంత ఎత్తున పూజారి గారు ఊగుతుంటే అరటిపళ్లు విసిరినవాళ్లే. పొద్దున్న విలన్ అనుకున్న రాజు చెల్లెలే తాము దండం పెట్టుకునే అమ్మవారు అని తెలిసేసరికి ఇద్దరికీ మాట పడిపోయింది.

"మరైతే మంచోళ్లు ఎవరు నాన్నమ్మా?" అని అడిగింది పెద్దది. మా ఆయన ఏదో చెప్పబోతే అత్తగారు "తిను ముందు" అన్నారు. నాకైతే ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఈ టూర్ పెట్టుకోవచ్చు అనిపించింది. స్కూల్ పుస్తకంలో బొబ్బిలి యుద్ధం అర పేజీ ఉంటుంది, అందులో ఈ ప్రశ్న రాదు. రెండు ఊళ్లూ తిరిగి, రెండు చోట్లా అన్నం తిని, రెండు వైపుల మనుషుల మాటా వింటేనే వస్తుంది.

కానీ పడుకున్నాక ఇంకో ప్రశ్న వచ్చింది, ఆ పెద్దాయన ఉత్తరంలో సగం నిజం అన్నాను చూశారా, అది ఇదే. పదకొండు దాటింది, పెద్దది ఇంకా దొర్లుతోంది. ఏంటమ్మా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చీకట్లో "అమ్మా, అలాంటిదొస్తే నువ్వు కూడా మమ్మల్ని అలాగే చేస్తావా?" అంది.

గుండె జారిపోయిందండీ. చెయ్యను అన్నాను. నిన్నూ తమ్ముణ్ణీ చంకలో వేసుకుని పరిగెడతాను, ఎంత దూరమైనా పరిగెడతాను అన్నాను. అది నమ్మినట్టు లేదు, తమ్ముడు బరువు కదా అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ కథలో పొద్దున్న ఆయన చెప్పకుండా వదిలేసిన ముక్క ఒకటి ఉంది. ఆ కాలంలో ఇంగ్లీషువాళ్లు రాసుకున్న చరిత్రలో ఉంది అది. కోటలో అంత జరుగుతుంటే ఒక ముసలాయన మాత్రం రంగారావు కొడుకుని చంపనివ్వకుండా దాచాడు, అంతా అయ్యాక ఆ పిల్లాణ్ణి వెంటబెట్టుకుని తిన్నగా ఫ్రెంచి ఆఫీసరు డేరాకి నడిచెళ్లి, వీడు రంగారావు కొడుకు, వాళ్ల నాన్న మాట కాదని నేను బతికించాను అని చెప్పాడు. "వాళ్లేం చేశారు?" అంది అది. ఏమీ చెయ్యలేదు, బతికాడు అన్నాను. "ముసలాయన్ని ఏమీ అనలేదా?" ఇలా ఓ పది ప్రశ్నలు. పన్నెండింటికి పడుకుంది, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

అందుకే అంటున్నాను, పిల్లల్ని తీసుకెళ్లొద్దు అనడం కాదు, తీసుకెళ్లి ఏ మనిషి వెంట నడిపిస్తాం అన్నది చూసుకోవాలి. మనం వాళ్లకి ఎంతసేపూ కత్తి పట్టినవాడి కథే చెప్తాం. ఆ చిన్నపిల్లాడి వెంట నడిపించండి, యుద్ధమంతా వాడే చెప్తాడు. ఎలాగంటే, అతను చిన రంగారావు, పెరిగి పెద్దయ్యాడు, విజయనగరం వాళ్ల చేతికి చిక్కి ఖైదులో ఉన్నాడు, తప్పించుకుని నిజాం దగ్గరికి పోయాడు. ఈలోగా బొబ్బిలి యుద్ధం అయిన మరుసటేడే, 1758లో, విజయనగరం రాజు ఆనందరాజు ఈ ఫ్రెంచివాళ్ల బెడద వదిలించుకుందామని ఇంగ్లీషువాళ్లని తనే పిలిచాడు, కల్నల్ ఫోర్డ్ సైన్యంతో వచ్చి డిసెంబర్లో పిఠాపురం అవతల చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లని ఓడించాడు. అలా పిలిచి తెచ్చుకున్న ఇంగ్లీషువాళ్లే 36 ఏళ్లకి పద్మనాభంలో అదే ఇంటి రాజుని చంపారు. చంపి, సంస్థానాన్ని ముక్కలు చేసి, అందులో బొబ్బిలిని తిరిగి ఎవరికిచ్చారంటారు? ఆ రోజు ముసలాయన బతికించిన పిల్లాడికే. మర్నాడు పొద్దున్న ఇది చెప్తుంటే మా అమ్మాయి ఇడ్లీ పక్కన పెట్టేసి "అంటే ఆ పీరియడ్ అయిపోయింది కాబట్టి వీడికి బొబ్బిలి వచ్చింది" అంది. సరిగ్గా అంతే. మేము ముందు పద్మనాభం తర్వాత బొబ్బిలి చూశాం, అది పొరపాటు, మీరెవరైనా వెళ్తే ముందు బొబ్బిలి చూసి వెనక్కి రండి, కథ వరసలో పడుతుంది.

మా తమ్ముడు వాళ్లు అమెరికాలో ఉంటారు, మేరీల్యాండ్‌లో. వాళ్లకి గెటిస్‌బర్గ్ దగ్గరే, 1863లో అక్కడ మూడు రోజులు పెద్ద యుద్ధం జరిగింది, మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే పులిహోర కట్టుకుని అక్కడికీ పోతారు. అక్కడ పిల్లలకి ఒక చిన్న బుక్‌లెట్ ఇస్తారట, అందులో ప్రశ్నలుంటాయి, తిరిగి చూసి జవాబులు రాసి తెస్తే జూనియర్ రేంజర్ అని బ్యాడ్జి పెడతారు. మా మేనల్లుడు వీడియో కాల్లో ఆ బ్యాడ్జి చూపించి మావాణ్ణి ఏడిపించాడు. అమెరికావాళ్లని చూసి నేర్చుకోవాలి అని పాఠం చెప్పడానికి రాయట్లేదు ఇది, వాళ్లకి డబ్బులున్నాయి, స్థలముంది. కానీ నాలుగు పేజీల తెలుగు బుక్‌లెట్‌కి ఎంతవుతుందండీ? ఒక మ్యాప్, ఫిరంగులు ఎటు పెట్టారో బాణం గుర్తులు, కాలవ తగాదా రెండు లైన్లు, పిల్లాడి కథ ఒక పేజీ, పైడితల్లి కథ ఒక పేజీ. పద్మనాభంలో ఒకటి, విజయనగరం కోట దగ్గర ఒకటి, బొబ్బిలిలో ఒకటి బోర్డు పెట్టి, ఒక బోర్డు చూసినవాళ్లు రెండోది ఎక్కడుందో తెలుసుకునేలా రాస్తే చాలు. ఇంకో నిలువెత్తు విగ్రహం వద్దు. ఆ డబ్బుల్తో ఒక బాత్రూం కట్టించి నీళ్లొచ్చేలా చూడండి, పక్కన రెండు వేపచెట్లు వెయ్యండి.

అధికారులు ఎప్పుడు చేస్తారో నాకు నమ్మకం లేదు కానీ మీ పేపరువాళ్లు తలుచుకుంటే జనవరి 24కి ముందొచ్చే ఆదివారం పిల్లల పేజీలో ఒక్క మ్యాప్ వెయ్యొచ్చు, కత్తిరించి కార్లో పెట్టుకుని వెళ్లేలాగ. పల్నాడు వాళ్ల కోసం పల్నాటి యుద్ధం జరిగిన కారంపూడిది కూడా వెయ్యండి, అక్కడ గొడవ కోడిపందెంతో ముదిరిందని చెప్తే మావాడు ఇప్పుడే బయల్దేరదామంటున్నాడు, సంక్రాంతికి పందేలు చూసొచ్చిన వేడి మీదున్నాడు మరి. వేసేటప్పుడు ఒక్క మాట, ఆడవాళ్లనీ పిల్లల్నీ చంపుకున్న సంగతి దాచొద్దు, దాస్తే వేరేవాళ్ల నోట వింటారు మావాళ్లు విన్నట్టే. ఒక్క లైన్లో చెప్పండి, దాని పక్కనే ముసలాయన గురించి మూడు లైన్లు రాయండి.

మా అమ్మాయి తనే ఒక మ్యాప్ గీసుకుంది, ఫ్రిజ్ మీద అంటించింది. బొబ్బిలి పైన, విజయనగరం మధ్యలో, పద్మనాభం కింద, పక్కన నీలంరంగు సముద్రం, చందుర్తికి చోటు చాలక సముద్రంలో వేసింది. కోట గోడ దగ్గర గడ్డం ఉన్న మనిషి ఒకడు, చంకలో పిల్లాడు. వాళ్ల నాన్నమ్మ అది చూసి, విజయనగరం పక్కన అమ్మవారి సిరిమాను ఏదే అని అడిగి, అది గీసేదాకా ఊరుకోలేదు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
మధురవాడ, విశాఖపట్నం